నీళ్ళడగని పువ్వు

పడమటి గాలి.

పొడిగా, మట్టి రుచితో, పళ్ళ మధ్య కరకరమంటూ.

శ్రావణం సగమైనా పొదిలి మీద మబ్బు నిలవలేదు. మిరప నారు పోసినవాళ్ళు ఆకాశం వంక చూస్తున్నారు. నేను నేల వంక చూస్తున్నాను.

ఇంటి ముందు రెండు గజాల నేల. అందులో గునుగు గింజలు చల్లాను.

చల్లానా... లేదు. బడిపంతులు చెయ్యి కదా. తాడు కట్టి, గీత గీసి, వేలెడు లోతున వరసగా పాతాను.

గింజలు దీప్తివి. నా భార్య. మాఘంలో...

సెలవు చీటీలో కారణం అన్నచోట 'సొంత పని' అని రాశాను. అంతకన్నా సరైన మాట ఇంకా దొరకలేదు.

పత్తిచేల గట్ల మీద గునుగు ఎంతైనా ఉంటుంది. ఆమె తన చేత్తో నులిపి, పాత చీర ముక్కలో మూటగట్టినవి మాత్రం ఇవే. చిటికెడు. నల్లగా, మెరుస్తూ, ఆవాల కన్నా చిన్నవి.

ఒక్క ఏడు బతికే మొక్క. ఈ ఏడు గింజ కట్టకపోతే, ఇక లేదు.

"నీళ్ళడగని పువ్వండీ ఇది," అనేది.

నేను వినలేదు. పొద్దున చెంబెడు. సాయంత్రం చెంబెడు. మధ్యాహ్నం బడి నుంచి వచ్చి మరో చెంబెడు.

పది రోజులు. పన్నెండు రోజులు.

తరగతిలో ఎక్కం చెప్పిస్తూ మధ్యలో ఆగిపోయేవాణ్ణి. పిల్లలు నన్ను వదిలి ముందుకెళ్ళిపోయేవాళ్ళు.

పదిహేనో రోజున మూడు మొలకలు.

వరసలో కాదు. వరస పక్కన, మూటలోంచి జారిపడ్డచోట.

భాద్రపదం చివరికి జానెడయ్యాయి.

అప్పుడొచ్చింది మాణిక్యమ్మ. కలుపు కూలికి వెళ్ళే మనిషి. మాఘంలో గుంటూరు వైపు మిరప కోతల్లో ఉంది... చివరిచూపుకు అందలేదు. ఆ మాట చెప్పి కాసేపు ఏడ్చింది. తర్వాత మొక్కల పక్కనే నేల మీద చతికిలబడి దీప్తి కబుర్లు మొదలుపెట్టింది.

గునుగు పీకొద్దు, నాకో రెండు మొక్కలుంచండి అని దీప్తి గట్టు మీద నిలబడి అరిచేదట. పంతులుగారింట్లో కూరకు కరువొచ్చిందేమోనని కూలీలు ఆటపట్టించేవాళ్ళట. కూర కాదు, మా ఆయనకి జడలో పెడతానందట దీప్తి.

మాణిక్యమ్మ నవ్వింది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను.

ఏడు నెలల్లో దీప్తి గురించి నవ్వుతూ చెప్పిన మొదటి మనిషి.

తర్వాత ఆమె చేతులు చూశాను.

మూడు మొక్కలూ పీకి పక్కన పెట్టి ఉన్నాయి. మన్ను దులిపి, మళ్ళీ నాటుకోకుండా వేళ్ళు ఎండకు పెట్టి... చేలో పెట్టినట్టే.

నా చూపు వెంట తనూ చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అయ్యో సారూ... మాట దీప్తమ్మ దగ్గరుంది. చెయ్యి చేలో ఉంది."

నా దగ్గర మాటలున్నాయి. పదునైనవే. ఒక్కొక్కటీ నాలుక దాకా వచ్చింది. ఒక్కొక్కదాన్నీ వెనక్కి పంపాను.

"కూర్చో," అన్నాను. "ఇంకా చెప్పు."

ఆమె వేలితో గుంటలు చేసింది. మూడింటినీ నిలబెట్టి, మన్ను ఎగదోసి, అరచేత్తో అదిమింది. నేను చెంబు తెచ్చాను. దోసెడు తీసుకుని, చెంబు దూరంగా జరిపింది.

"ఇక పొయ్యబాకండి. కుళ్ళిపోద్ది. అదే చూసుకుంటది."

మర్నాటికి రెండు నేలకంటుకున్నాయి. మూడోది ఒక పక్కకు వాలింది. కొసన చిన్న మొగ్గ, గోరంత, తెల్లగా.

గేటు దాకా నడుస్తాను. తిరిగి వస్తాను. చెంబు ముంచుతాను. మళ్ళీ తొట్టిలోనే ఒంపేస్తాను.

నా చెయ్యి కూడా ఊరుకోదు.

నాలుగో రోజు సాయంత్రం, అల్లరి పిల్లలకు చెప్పినట్టు నాకు నేనే చెప్పుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపో.

తూర్పున, కొత్తపట్నం సముద్రం వైపు నుంచి, గాలి తిరిగింది. కాస్త తడిగా.

మూడో మొక్క తల కదిలింది —

లేచిందో...

గాలో.