అక్విడెక్టు మీద అరువు మేఘం

"బహుమతి ఫోటోకి ఇవ్వలేదండీ మీరు, నా మేఘానికి ఇచ్చేరు! రూలు రాసిందీ మీరే, దాన్ని తుంగలో తొక్కిందీ మీరే!"

కాంతం అరుపుకి హాల్లో కుర్చీలు సర్దుతున్నవాళ్ళు ఆగిపోయారు. అమలాపురంలో ఆ ఏడు, అంటే తొంభై నాలుగులో, పెట్టిన ఫోటో పోటీకి పెద్ద రాజేంద్రప్రసాద్ గారు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

గోడ మీద మొదటి బహుమతి చీటీ అంటించిన ఫోటో స్టూడియో నడిపే మురళీమోహన్‌ది. గోదావరి పాయ మీంచి కాలవని దాటించే పి.గన్నవరం అక్విడెక్టు, దాని మీద బలిసిన తెల్లమబ్బు. మబ్బు ఎడమ అంచున కొడవలిలా సన్నటి గీత. ఆ గీత కాంతం దగ్గరున్న మేఘం నెగిటివ్ మీద ఆమె గోరు తగిలి పడింది, ఎనిమిదేళ్ళ కిందట.

కాంతం పని డార్క్ రూములో. ఊళ్ళో సగం స్టూడియోల నలుపు తెలుపు ఫోటోలు ఆమే కడిగేది. బయట తీసిన ఫోటోల్లో ఆకాశం తెల్లకాగితంలా వస్తుంది. అలా ఇస్తే పెళ్ళివారు ఒప్పుకోరు, బోసిగా ఉందంటారు. అందుకని ముందు బొమ్మ వేసి, అదే కాగితం పైభాగంలో తను ఎప్పుడో తీసి దాచుకున్న మేఘం నెగిటివ్ కూడా వేస్తుంది. అడగక్కర్లేదు, చెప్పక్కర్లేదు. పెళ్ళిళ్ళ నెలలో మురళీమోహన్ తన పెళ్ళి నెగిటివ్‌ల కట్టతో పాటు అక్విడెక్టు నెగిటివ్ ఇచ్చాడు. చెయ్యి అలవాటుకొద్దీ దానికీ మేఘం వేసేసింది.

పోటీకి పెట్టిన తన ఫోటోకి మాత్రం వెయ్యలేదు. సఖినేటిపల్లి రేవులో ఒకాయన మేకని చెవులు పట్టుకుని పంటు పడవ మీదికి లాగుతున్న ఫోటో అది. వెనక తెల్లటి ఆకాశం. ఇన్నేళ్ళలో ఆమె కడిగిన ప్రతి ఫోటో వెనకా ఇంకెవరిదో స్టూడియో ముద్ర పడింది. ఆమె పేరుతో గోడెక్కింది ఈ మేక ఒక్కటే. మొదటి బహుమతి ఫోటో కాకినాడ ప్రదర్శనకి పోతుంది.

"రెండు నెగిటివ్‌లు కలిపిన ఫోటో చెల్లదని మూడో రూలు కదండీ?" అంది.

"ఆయ్, ఉందండి. కానీ నెగిటివ్ తెమ్మని ఎక్కడా రాయలేదు కదా," అన్నారు రాజేంద్రప్రసాద్ గారు.

"ఎందుకు రాయలేదు?"

"అడిగితే పోటీకి ఎవరొస్తారండీ?"

ఎవరో కిసుక్కున నవ్వారు. మురళీమోహన్ ముందుకొచ్చాడు.

"నేను మబ్బు పెట్టమని చెప్పేనా అక్కా? నువ్వేగా పెట్టేవు?"

"నేనే పెట్టేను. మరి నీకు తెలీదా? నువ్వు తీసిన రోజున ఆకాశంలో మబ్బుందా?"

"లేదు."

"చూసి ఎందుకూరుకున్నావు?"

"బాగుంది కదాని!"

ఈసారి అందరూ నవ్వారు. అతను నవ్వలేదు. "రేపట్నించి ఏ స్టూడియో వాడు నీ గుమ్మం తొక్కుతాడో చూస్తాను," అన్నాడు.

ఆ మాట ఉత్త బెదిరింపు కాదు. కస్టమర్ల గుట్టు బయటపెట్టే మనిషి దగ్గరికి నెగిటివ్ ఎవరూ తేరు. ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ పని మీదే. అది కాంతానికి ఈ హాలు గుమ్మం ఎక్కేముందే తెలుసు. సంచీలోంచి కవరు తీసి, మేఘం నెగిటివ్ ట్యూబులైటుకి ఎదురుగా పట్టుకుంది. కొడవలి గీత అందరికీ కనబడింది.

రాజేంద్రప్రసాద్ గారు గొంతు తగ్గించారు. "చూడండి కాంతం గారూ, గొడవెందుకు? మీ మేకకి ప్రోత్సాహక బహుమతి ఇచ్చేత్తాం. చీటీ ఇప్పుడే రాయిత్తాను."

"నా నోరు మూయించడానికా? నాకొద్దండి."

ఆమె నెగిటివ్‌ని బల్ల మీద పెట్టింది. పక్కన మేక నెగిటివ్ పెట్టింది.

"ముందు ఆ మొదటి బహుమతి చీటీ ఊడదీయండి. గోడ మీదున్న ప్రతి ఫోటో నెగిటివ్ తెప్పించండి. నాది ఇదిగో, ముందు దీన్నే చూడండి, తేడా ఉంటే పక్కన పారేయండి. ఒక్కొక్కటీ ఈ బల్ల మీద, అందరి ముందూ పోల్చండి. నెగిటివ్ లేనోళ్ళ ఫోటో గోడ దింపేయండి. అప్పుడు చెప్పండి ఎవరు గెలిచేరో. కాకినాడ బండి రేపు కదా? పొద్దు ఇంకా ఉంది. కబురు పంపండి."