బ్రేకు మాస్టారి టైర్లు

"అమ్మా, అది స్టీరింగు. రోగి దవడ కాదు. అలా పట్టుకుని పీకినా ఊడి రాదు."

పళ్ల డాక్టరమ్మ పట్టు సడలించి యాక్సిలరేటరు ఇంకాస్త నొక్కింది. ఇంజను మూలిగిందే తప్ప చక్రం తిరగలేదు.

"మీరు కాలు తీస్తే కదండీ మాస్టారూ, బండి కదిలేది!"

మాస్టారు కిందికి చూసుకున్నారు. నేర్పేవాళ్ల కోసం పక్క సీటు ముందు బిగించిన అదనపు బ్రేకు మీద ఆయన కుడికాలు బండరాయిలా ఆని ఉంది. తీశారు. తప్పు ఒప్పుకునే అలవాటు లేదు గనక, "మీరు కనిపెడతారో లేదో చూద్దామని," అన్నారు.

డ్రైవింగు స్కూల్లో ఆయనకు బ్రేకు మాస్టారని పేరు. ఆ పేరు గౌరవంతో పెట్టారనే ఆయన నమ్మకం. పొట్టి మనిషి. సీటు బెల్టు ఆయన పొట్టను పైన కొంత, కింద కొంత అని రెండు భాగాలుగా పంచుతుంది. మీసానికి రంగు వేస్తారు గాని ముక్కు కిందికి బ్రష్షు అందక అక్కడ తెల్లగా మిగిలిపోతుంది. జేబులో రాయని పెన్ను. కుడి చెప్పు ఎడమదానికంటే ముందే అరిగిపోతుంది. కొత్త జత కొనరు, అరిగిన చెప్పుకే అడుగు అట్ట వేయిస్తారు. ఊళ్లో సగం మందికి బండి నేర్పిన మనిషే అయినా ఆయన తిరిగిన దూరమంతా ఇతరుల చేతుల మీదుగా తిరిగిందే. వాళ్లు ముందుకు పోతామంటారు, ఈయన వద్దంటారు. ఉద్యోగమంటే అంతే. జీవితం కూడా పెద్ద తేడాగా ఏమీ జరగలేదు.

పాఠం ముగిసేలోగా ఫోను మోగింది. భార్య.

"ఏమండీ, బావ ఫోన్ చేశాడు. అక్కకి మాట తెలుస్తోందట గాని ఎంతసేపో చెప్పలేమన్నారట. నన్నే అడుగుతోందట. ఇవాళే రమ్మన్నాడు."

"వెళ్దాం. కాదన్నానా? టైర్లు వేయించొద్దూ? ఆ బోడి టైర్లతో కొండెక్కితే మీ అక్కకంటే ముందు మనం పోతాం."

"పోనీ నేను బస్సెక్కనా?"

"ఇంట్లో కారు పెట్టుకుని బస్సులో దిగుతావా? మీ బావ ముందు నా తలెక్కడ పెట్టుకోను? మధ్యాహ్నానికల్లా బయల్దేరదాం. రెడీగా ఉండు."

 "సరే," అందామె.

ఆ అక్క మామూలు అక్క కాదు. తల్లి పోయాక చెల్లెల్ని చంకనేసుకుని పెంచిన మనిషి. కొండ మీది ఊళ్లో మంచం పట్టిందని తెలిసిన రోజు నుంచీ చెల్లెలు వెళ్దామంటూనే ఉంది. మాస్టారు టైర్ల మాట చెబుతూనే ఉన్నారు. టైర్లు అరిగిన సంగతి అబద్ధం కాదు, గీతలన్నీ పోయి అరచేతిలా నున్నగా ఉన్నాయి. అవి కొనడానికి డబ్బు లేకా కాదు. సరైన బేరం దొరక్క.

కారు చరిత్ర కూడా ఇలాంటిదే. స్కూలువాళ్లు ఇక పనికిరాదని పక్కన పెట్టిన కారును ఆయన బతిమాలి, బెదిరించి, అలిగి, చివరికి ఇనుము ధరకు ఇంటికి తెచ్చుకున్నారు. పక్క సీటు ముందున్న బ్రేకు అలాగే ఉంది. తీయించాలంటే ఖర్చు. అందుకని ఆయన భార్య ఆ కారెక్కినప్పుడల్లా కాళ్లు తలుపువైపు ముడుచుకుని, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు ఒద్దికగా కూర్చుంటుంది. "పొరపాటున కూడా కాలు తగలనీయకు," అని మొదటి రోజే చెప్పారాయన. ఇన్నేళ్లలో ఎప్పుడూ తగల్లేదు. అది తన శిక్షణ గొప్పతనమని మాస్టారు నలుగురిలో చెప్పుకుంటారు.

టైర్ల కొట్లన్నీ బస్టాండు వెనక వీధిలో వరసగా ఉంటాయి. కొండకు వెళ్లే బస్సులు ఆ వీధిలోంచే తిరిగి పెద్దరోడ్డు ఎక్కుతాయి. పాఠం ముగించి తన కారేసుకుని వచ్చిన ఆయన మొదట అద్దాల కొట్లోకి వెళ్లారు. అక్కడ టైర్లను నగల్లాగా గోడలకు తగిలించారు. మెత్తటి సోఫాలో కూర్చుని, వాళ్లిచ్చిన టీ తాగి, పంచదార తక్కువైందని చెప్పి, ఇంకోటి తెప్పించుకుని అది కూడా తాగారు. నాలుగు టైర్ల ధర విన్నాక, "ఇంట్లో అడిగి చెబుతా," అని లేచారు. ఇంట్లో ఆయన ఎవరినీ ఏదీ అడగరు. ఆ ముక్క కొట్లలో మాత్రమే వాడతారు.

రెండోది పాత టైర్ల దుకాణం. పుల్లట్లలా ఒకదాని మీద ఒకటి పేర్చిన టైర్లకు నల్లరంగు పూసి తళతళలాడిస్తున్నారు. మాస్టారు బొటనవేలి గోటితో గీకి, నల్లబడ్డ గోరు దుకాణదారు కళ్ల ముందు ఆడించారు.

"రంగేశావ్."

"మీరు మీసానికి వేసుకోలేదా మాస్టారూ? కాస్త కనబడాలంటే ఎవరికైనా తప్పదు మరి."

పక్కనున్న వాళ్లు నవ్వారు. మాస్టారు నవ్వలేదు. బయటికొచ్చాక, ఆ ముసలి టైర్లు అమ్మేవాడి బతుకెంత అనుకుని, సరైన సమయంలో తట్టని జవాబులు రెండు మూడు గొణుక్కున్నారు. ఇంతలో మళ్లీ భార్య ఫోను.

"అయ్యాయాండీ?"

"టైర్లంటే కూరగాయలా, గంపలోంచి తీసి ఇవ్వడానికి? చూసి తీసుకోవాలి."

"అక్క కళ్లు మూసుకునే ఉంటోందట. పిలిస్తే తెరుస్తోందట. నేను వస్తున్నానని బావ చెవిలో చెప్పాడట."

"మరింకేం! చెప్పాడుగా. మాటిమాటికీ ప్రాణాల మీదికొచ్చినట్టు ఫోన్లు చేయకు. నా బేరం చెడిపోతుంది."

ఆమె మళ్లీ చేయలేదు.

మూడో కొట్టు సన్నగా, లోపలికి పోయేకొద్దీ చీకటిగా ఉంది. యజమాని భారీ మనిషి, మాటలో తొందర లేదు. నాలుగూ కొనాలంటే మాస్టారి గుండె ఒప్పుకోలేదు. ఎక్కడా పేరు వినని కంపెనీవి నాలుగు తీసుకోవడమా, నమ్మకమైనవి రెండే తీసుకోవడమా అని చాలాసేపు తర్జనభర్జన పడ్డారు. అటు తిరిగి ఇటు తిరిగి, చేత్తో చరిచి, వాసన చూసి, ముక్కు చిట్లించి చివరికి మంచివి రెండు ఖాయం చేసుకున్నారు.

చక్రాలు విప్పే మేస్త్రీ జాకీ తీసుకుని కారు వెనక్కి నడిచాడు.

"అటెక్కడికి? ముందుకి," అన్నారు మాస్టారు.

"రెండే మారిస్తే కొత్తవి వెనకెయ్యాలి సార్. వెనకవి జారాయనుకోండి, మలుపులో బండి మీ మాట వినదు."

ఈ సంగతి మాస్టారికి తెలీనిది కాదు. స్కూల్లో గోడకున్న పటం మీద బెత్తం ఆనించి, 'మంచివి వెనక' అని ప్రతి కొత్త జట్టుకూ ఆయన వల్లె వేయిస్తారు. అయితే అది పాఠం. పాఠం వేరు, తోడల్లుడి వాకిట్లో కారు ఆగడం వేరు. ఎవరైనా ఎదురొచ్చి చూసేది ముందు చక్రాలనే.

"నాకు చెప్పకు. ఈ ఊళ్లో బళ్లన్నీ నా మాట విని తిరుగుతున్నవే."

"మీ ఇష్టం. ఇంట్లోవాళ్లు కూడా ఎక్కుతారేమోనని చెప్పాను."

ముందుకే వేశారు. వెనక చక్రాలకు పాతవాటిలో కాస్త నయమైనవి ఉంచారు. ఇక్కడితో అయిపోవాల్సింది. విప్పిన బోడి టైర్లు రెండూ నేల మీద పడి ఉన్నాయి. వాటిని చూడగానే మాస్టారికి ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

"వీటికేం తగ్గిస్తావు?"

యజమాని ఒకసారి టైర్ల వైపు, ఒకసారి ఆయన వైపు చూశాడు. "వాటిని ఎవడైనా ఎత్తుకుపోతే వాడికి నేనే ఎదురు డబ్బిస్తాను మాస్టారూ."

"రబ్బరు ఉందిగా?"

"రబ్బరెక్కడుంది, దారాలు కనబడుతుంటే!"

"దారం మాత్రం ఊరికే వస్తుందా?"

మాస్టారు ఒక టైరును నిలబెట్టి, రెండు చేతులా పట్టుకుని, దాని గుణగణాలు వివరించడం మొదలుపెట్టారు. అది ఏ ఎండల్ని తట్టుకుందో, ఎన్ని గుంటల్లో పడి లేచిందో, ఎంతమంది పనికిమాలినవాళ్ల చేతుల్లో చెక్కుచెదరకుండా బతికిందో చెప్పారు. యజమాని భోజనం తెచ్చుకుని ఆయన ఎదుటే తిన్నాడు. చేయి కడుక్కుని వచ్చాడు. మాస్టారు అప్పటికి రెండో టైరు గుణాల్లోకి వచ్చారు. వెనకాల వీధిలో ఒక బస్సు, ఆ తర్వాత ఇంకో బస్సు హారను కొట్టుకుంటూ పోయాయి. ఆయన తల తిప్పలేదు. ఫోను కూడా మోగలేదు. ఇప్పటికి పెళ్లానికి ఓపిక అలవాటైందని సంతోషించారు.

పొద్దు వాలుతుండగా యజమాని విసిగిపోయి, గాలి కొట్టినందుకు రావాల్సిన డబ్బు వదిలేస్తానన్నాడు. మాస్టారు గెలిచారు. ఒళ్లంతా తేలిపోతుండగా కారు తోలుకుంటూ ఇంటికొచ్చారు. దారిలో అద్దాల కొట్టు ముందు కావాలనే కాస్త నెమ్మది చేశారు, ముందు చక్రాలు వాళ్లకు కనబడాలని.

మేడ మీది వాటాకు తాళం వేసి ఉంది. కింద వాటాలో బట్టలు కుట్టే ఆవిడ మిషను ఆపి తాళంచెవి తెచ్చి ఇచ్చింది.

"వాళ్లక్కగారు పోయారట అన్నయ్యగారూ. ఒంటిగంట దాటాక కబురొచ్చింది. వదినగారు అప్పటికి మెట్ల మీదే కూర్చుని ఉన్నారు. లేచి, మొహం కడుక్కుని, బస్టాండుకెళ్లారు."

మాస్టారు తాళంచెవిని అటూ ఇటూ తిప్పారు. "అంత తొందరేమొచ్చింది? కాస్త ఆగలేకపోయిందా?"

"ఎవరండీ? వదినగారా, వాళ్లక్కగారా?"

ఆవిడ జవాబు కోసం చూడలేదు. మిషను మళ్లీ గరగరలాడింది.

లోపలికెళ్లి ఆయన ఫోన్ చేశారు. చాలాసేపు మోగాక ఆమె ఎత్తింది. బస్సు చప్పుడు, ఎవరిదో పిల్ల ఏడుపు.

"నాకో మాట చెప్పొచ్చుగా!"

"మీరున్న కొట్టు ముందునుంచే వచ్చాను. కిటికీలోంచి కనబడ్డారు. పాత టైరు నిలబెట్టి పట్టుకుని ఏదో చెబుతున్నారు. పిలుద్దామనుకున్నా." గొంతులో ఏడుపు లేదు, కోపం కూడా లేదు. "ఎందుకులే అనిపించింది."

"ఇప్పుడు నేను బయల్దేరనా?"

"మీరు రావద్దండీ."

"ఎప్పుడొస్తావు మరి?"

"నేను రాను."

బ్రేకు తొక్కడమే తెలిసిన మనిషికి ఇక్కడ తొక్కడానికి ఏమీ దొరకలేదు. ఏదో ఒకటి అనాలి గనక, ఆయనకు అలవాటైనదే నోటికొచ్చింది.

"బస్సుకెంత తీసుకున్నాడు?"

ఆమె ఫోను పెట్టేసింది.

గదిలో అలమర తలుపు ఓరగా తీసి ఉంది. ఆమె చీరలుండే అర ఖాళీ. మంచం మీద మాత్రం ఒక చిన్న కాగితం సంచి ఉండిపోయింది. ఏం కొందో, ఎంతపెట్టి కొందో చూద్దామని మాస్టారు విప్పారు. లోపల ఉన్ని మేజోళ్లు. మంచంలో ఉన్న మనిషి కాళ్లకు బిగుతుగా ఉండకుండా పైఅంచు వదులుగా అల్లినవి. ధర కోసం అటూ ఇటూ తిప్పి చూశారు. చీటీని ఆమె ముందే జాగ్రత్తగా తీసేసింది. జతను కలిపి కొట్టువాళ్లు కుట్టిన ఎర్రదారం మాత్రం ఇంకా తెంపలేదు.