చిటికెలో, చిటికలో

చెల్లెలి వ్యాను వీధి మలుపు తిరిగిందంటే చాలు, అక్కకు కడుపులో మంట మొదలయ్యేది. ఆకుపచ్చ వ్యాను, దాని మీద బారెడేసి అక్షరాలతో 'చిటికలో' అని పేరు. అక్క దుకాణం బోర్డు మీద ఉన్నది 'చిటికెలో'. తేడా అంతా కలిపి ఒక్క ఎత్వం. ఆ ఎత్వం కోసం తోడబుట్టినవాళ్ళు కోర్టుకెక్కారు.

అక్క దర్జీ. ఊడిన జిప్పు, చిరిగిన మోచెయ్యి, పొడుగైపోయిన ప్యాంటు, ఏదైనా సరే ఫోన్‌లో యాప్ తెరిచి చెబితే మనిషి ఇంటికొచ్చి పట్టుకెళ్ళి, బాగుచేసి తెచ్చిచ్చే ఏర్పాటు. అది ముందుగా మొదలుపెట్టింది ఆవిడే, పేరు రిజిస్టరు చేయించిందీ ఆవిడే. చిరుగు కనపడకుండా దారంతో అల్లే రఫూ పని చెల్లెలికి దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పిందీ ఆవిడే. నేర్చుకున్న పిల్ల ఊరుకుందా? బయటికి పోయి, సొంత దుకాణం తెరిచి, సొంత యాప్ పెట్టుకుంది.

"నా పేరెత్తుకుపోయావేమే?" అని అక్క ఫోన్‌లో అరిచింది.

"నీ పేరెందుకవుతుందక్కా? నువ్వు చిన్నప్పట్నించీ చిటికె అంటావు, నేను చిటిక అంటాను. నా నోటికొచ్చినట్టు నేను పెట్టుకున్నా" అంది చెల్లెలు.

అది అక్షరాలా నిజం కావడంతో అక్కకు ఇంకా ఒళ్ళు మండింది. అసలు సంగతి చెప్పుకోవాలంటే, చెల్లెలు పేరు తీసుకున్నందుకు కాదు ఆవిడ ఏడుపు, పేరు తెచ్చుకున్నందుకు. అక్క వ్యాను కొనుక్కుందామని అనుకుంటూ ఉండగానే చెల్లెలు కొనేసింది. చెల్లెలి దగ్గర ఇప్పుడు ఎన్ని మిషన్లున్నాయో ఎవరైనా చెప్పబోతే అక్క ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయేది. వెళ్ళిన చోట నిలబడి మిగతాది వినేది.

లాయరు గది ఒక చెప్పుల దుకాణం పై అంతస్తులో ఉంది. కొత్త తోలు వాసన మెట్లెక్కి మరీ పైకి వచ్చేది.

"రెండు పేర్లూ దగ్గరగా ఉన్నాయని మనం గొంతు చించుకుంటే చాలదమ్మా. నిజంగా పొరబడిన కస్టమరు ఒక్కరు వచ్చి చెబితే చాలు, మనకి తిరుగుండదు" అన్నాడాయన.

"ఒక్కరేం ఖర్మ, బంగారంలాంటి సాక్షి ఉంది నా దగ్గర!" అంది అక్క.

ఆ బంగారం పియానో టీచరు. పంపిన ప్రతి బట్టకీ యాప్‌లో ఐదు స్టార్లిచ్చి, 'మీ చేతిలో మాయ ఉంది' అంటూ పేరాలు పేరాలు రాసే మనిషి. అక్క వాటిని భోజనాల దగ్గర పైకి చదివేది. మొగుడు పాపం ముద్ద మింగుతూనే తలాడించేవాడు. ఆ టీచరు మొన్న ఫోన్ చేసి, "మీ రెండు పేర్లతో భలే తికమకండీ" అని నవ్వింది. అక్కకు అంతకంటే ఏం కావాలి? పూర్తిగా వినిపించుకోకుండానే లాయరు గదికి రమ్మని పిలిచేసింది.

టీచరు వచ్చి, కుర్చీలో సర్దుకుని, లాయరు అడగ్గానే ఉత్సాహంగా మొదలుపెట్టింది.

"ఎందుకు పొరబడలేదండీ, నిలువునా పొరబడ్డాను! మా స్నేహితురాలి ఉన్ని కోటుకి పురుగు కొట్టి ఇంత చిల్లు పడింది. రఫూ చేయించుకొచ్చాక చూస్తే ఆ చిల్లెక్కడుందో దొరికితే ఒట్టు. ఎవరు చేశారే అంటే 'చిటికలో' అంది. నేను ఫోన్‌లో కొడితే 'చిటికెలో' వచ్చింది. ఆవిడే ఈవిడనుకుని ఇన్నాళ్ళూ ఈవిడకే పంపుతున్నా. మొన్న ఆ ఆకుపచ్చ వ్యాను కనిపిస్తే అడిగాను, అప్పుడు తెలిసింది." అక్క ముఖం చూసి కాస్త తగ్గింది. "అయ్యో, మీ పనీ బాగానే ఉంటుందండీ."

బాగుంటుంది అనలేదు, బాగానే ఉంటుంది అంది. మధ్యలో దూరిన ఆ 'నే' అక్కకు సూదిలా దిగింది.

లాయరు మాత్రం కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. "కేసు మనదే! ఈ వాంగ్మూలం పడితే మీ చెల్లెలు ఇక ఆ పేరు ముట్టుకోలేదు."

"ఇది... మా చెల్లి చదువుతుందా?"

"చదవకుండా ఎలా అమ్మా? కాపీ వాళ్ళకి వెళ్ళాల్సిందే. కోర్టులో పైకి చదివి వినిపిస్తాం కూడా."

అక్కకు అంతా కళ్ళకు కట్టినట్టు కనిపించింది. చెల్లెలు సోఫాలో కాళ్ళు మడుచుకుని కూర్చుని, ఆ కాగితం మొగుడికి చదివి వినిపిస్తుంది. 'నన్ను వెతుక్కుంటూ జనం మా అక్క దగ్గరికి పోతున్నారట' అని పడీ పడీ నవ్వుతుంది. ఆ తర్వాత అమ్మకు ఫోన్ చేస్తుంది. అమ్మ ఎలాగూ, 'చిన్నదాని చేతిపని ముందునించీ వేరేలే' అంటుంది.

"కేసు వెనక్కి తీసుకోండి" అంది అక్క.

"గెలిచే కేసమ్మా! ఈవిడ వద్దంటే ఇంకో సాక్షిని చూద్దాం."

ఇంకో సాక్షి వచ్చి ఇంకేం చెబుతుందో! "వద్దు బాబూ, నాకా గెలుపొద్దు" అనేసి అక్క మెట్లు దిగిపోయింది.

కబురు చెల్లెలికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. అక్క మిషను ముందు కూర్చుని ఒక కాలరు కుడుతుండగా ఫోన్ మోగింది. అవతల వెక్కిళ్ళు.

"అక్కా, మేం ఓడిపోతామని మా లాయరు తేల్చి చెప్పేశాడు. రేపే పేరు మార్చేద్దామని కొత్త బోర్డు కూడా రాయించేశా. ఇంతలో నువ్వే కేసు వదిలేసుకున్నావట! నీ మనసెంత పెద్దదక్కా! అమ్మ కూడా ఏడుస్తోంది. పెద్దది పెద్దదే, దాని మనసు ఇంకెవరికీ రాదు అంటోంది."

అమ్మ నోట ఆ మాట వినాలని అక్క ఎన్నేళ్ళు ఎదురుచూసిందో! వచ్చింది, తీరా తనకు లేని మనసుకు వచ్చింది. ఇంకొక్క పూట ఆగి ఉంటే పేరు తనదయ్యేది.

"మరి ఆ పాత బోర్డే ఉంచుకోనా అక్కా? నువ్వు చెప్పు."

"ఉంచుకోవే," అంది అక్క, పళ్ళ బిగువున. "నీకంటే నాకు పేరెక్కువా?"