పైవాళ్ళు

వాన వెలిసి నాలుగు రోజులైంది. తప్పెవరిదన్న రగడ మాత్రం టీవీలో ఇంకా వెలవలేదు. నిధులు తొక్కిపెట్టారని ఇక్కడి నాయకులు, నాలాలు మింగేశారని ఢిల్లీ నాయకులు వంతులేసుకుని బురద చల్లుకుంటున్నారు. ఊరంతా బురదే కనుక సరుక్కి లోటు లేదు.

కౌసల్య వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి బాల్కనీలోకి తిరుగుతోంది. పొద్దుటి పాలు పొంగిపోయాయి. గడియారం పన్నెండు దాటింది. సాయంత్రం ఐదింటికి లిస్టు మూసేస్తారట.

లిస్టంటే దెబ్బతిన్న ఇళ్ళ జాబితా. కౌసల్య వాళ్ళ అపార్ట్‌మెంట్ జూబ్లీహిల్స్ అంచున ఉంటే, దాని వెనక గోడ కింద, ఫిల్మ్ నగర్ గుట్ట వాలులో బాలమణి ఇల్లు ఉండేది. బాలమణి పదకొండేళ్ళుగా కౌసల్యకి వంటలో సాయం చేస్తోంది. ఆ ఇల్లు ఇప్పుడు నాలుగు రేకులు, ఒక రాళ్ళగుట్ట. లిస్టులో మాత్రం 'నీరు చేరిన ఇల్లు' అని పడింది. నీరు చేరితే బియ్యం, దుప్పటి ఇస్తారు. కూలితేనే ఇల్లు ఇస్తారు.

"నీళ్ళు జేరినయంట," అంది బాలమణి గుమ్మంలో నిలబడి. "జేరనీకి ఇల్లేడున్నదమ్మా?"

మార్పించడానికి దారి ఉంది. ఫారంలో 'ఇల్లు కూలుటకు కారణం' అని ఒక గడి ఉంది. దాని కింద కార్పొరేటర్ సంతకం, ఎంపీ ఆఫీసు సంతకం రెండూ పడాలి. తర్వాత పేచీలు రాకూడదని ఈసారి అలా పెట్టారట. దాంతో పేచీ ముందుకి జరిగింది. కేంద్రం వల్ల అని రాస్తేనే కార్పొరేటర్ పెడతాడు. రాష్ట్రం వల్ల అని రాస్తేనే ఎంపీ మనిషి పెడతాడు. బాలమణి రెండు రోజుల్లో రెండు ఫారాలు పాడుచేసుకుని వచ్చింది.

"మూడోది ఇలా తే," అంది కౌసల్య.

ఎమ్మే తెలుగు చదివాక ఆమె రాసినవన్నీ కిరాణా చీటీలు, అపార్ట్‌మెంట్ నోటీసులు. పెన్ను దొరకడానికి పది నిమిషాలు పట్టింది. కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుని ఒక్క వాక్యం రాసింది: 'పైవాళ్ళ నిర్లక్ష్యం వల్ల ఇల్లు పూర్తిగా కూలిపోయినది.' ఆటో పిలిచింది.

కార్పొరేటర్ వెంకటనర్సయ్య పునరావాస శిబిరంలో అన్నం వడ్డిస్తూ ఫొటో దిగుతున్నాడు. గరిటె పక్కవాడికిచ్చి కాగితం రెండుసార్లు చదివాడు.

"మస్తు రాసినవ్ తల్లీ. నేను గూడ గదే మొత్తుకుంటున్న. పైనుంచి ఏం రాకపోతే కిందోళ్ళం ఏం జేస్తం?"

సంతకం పడింది.

వెంగళరావు నగర్‌లోని ఎంపీ ఆఫీసులో సిద్ధార్థ అనే కుర్ర నాయకుడు కాగితం మీద కార్పొరేటర్ సంతకం చూసి ముందు అనుమానపడ్డాడు.

"పైవాళ్ళంటే స్టేట్‌లో కూర్చున్నవాళ్ళే కదా ఆంటీ? ఆయన తన పార్టీ మీద తనే పెట్టాడా?"

"చదువుకున్నవాడివి, నీకు నేను చెప్పాలా బాబూ," అంది కౌసల్య.

సిద్ధార్థ నవ్వాపుకుంటూ, ఉత్సాహంగా సంతకం కింద ఆఫీసు ముద్ర కూడా కొట్టాడు.

తిరిగొస్తూ ఆటోలో బాలమణి ఉండబట్టలేక అడిగింది. "ఇద్దరికిద్దరు గంత అల్కగ ఎట్ల వెట్టిన్రమ్మా?"

కౌసల్య కాస్త గర్వంగానే విప్పి చెప్పింది.

"గట్లనా. నేనింకా మిమ్ములనే రాసిన్రనుకున్న."

"మమ్మల్నా?"

"మా బస్తీల మీ బిల్డింగోళ్ళను గట్లనే అంటం గదా. పైవాళ్ళ కుక్క, పైవాళ్ళ పని. మొన్న ఎండకాలం వెనక గోడకు గంత పెద్ద పైపు పెట్టిన్రు. మీ నీళ్ళన్ని ఒక్కతాననే, మా ఇంటి మీదనే వడ్డయి. ఎంత మంచిదమ్మ, ఉన్నది ఉన్నట్టు రాసింది అనుకున్న."

కౌసల్య ఆటో కడ్డీ పట్టుకుంది. ఆ పైపు తాలూకు నోటీసు రాసిందీ తనే. 'సెల్లార్‌లో నీరు నిలవకుండా వెనుకవైపు పైపు ఏర్పాటు చేయబడినది.' నీరు ఎటు పోతుందో అందులో లేదు. తను అడగనూ లేదు.

నాలుగున్నరకి, లిస్టు సరిచూడ్డానికి వచ్చిన ఇంజనీరు వందన రాళ్ళగుట్ట దగ్గర ఫారం తీసుకుంది.

"సంతకాలు బానే సంపాదించారు మేడం. కానీ పైవాళ్ళంటే ఎవరో రాయాలి. ఇలా పంపితే వెనక్కొస్తుంది."

ఢిల్లీ అని రాస్తే ఒక సంతకం పోతుంది. రాష్ట్రం అని రాస్తే రెండోది పోతుంది. ఇద్దరికీ అభ్యంతరం లేని పైవాళ్ళు ఒక్కరే ఉన్నారు. కౌసల్య తలెత్తి చూసింది. గోడలోంచి పైపు నోరు బయటికొచ్చి ఉంది, ఇంకా సన్నగా కారుతోంది.

ఆమె భర్తకి ఫోన్ చేసి విషయం చెప్పింది. ఆయన అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి. సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజర్. ఇరవై ఏళ్ళుగా పోయిన ప్రతి సినిమాకీ కారణం చెప్పాడు. వాన, పరీక్షలు, క్రికెట్. ఆ కారణాల్లో మనిషి పేరు ఎన్నడూ లేదు.

"నీకేమైనా మతి పోయిందా? వాన మనం కురిపించామా? కేసైతే ఎవరు తిరుగుతారు కోర్టుల చుట్టూ? నువ్వు ఇంటికి రా, మాట్లాడదాం."

"ఐదవుతోందండీ," అంది కౌసల్య.

"అయితే ఏంటి?"

ఆమె ఫోన్ పెట్టేసింది. మళ్ళీ మోగింది. మోగనిచ్చింది. బాలమణి ఆ ఫోన్‌నీ, ఆమె మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

"వద్దులే అమ్మా. సారుతోని మీకు లొల్లి ఎందుకు. ఇంకేమన్న రాద్దం."

"ఇంకేం లేదు బాలమణీ. అన్నీ వెతికాను."

కౌసల్య ఫారం మోకాలి మీద పెట్టుకుని 'పైవాళ్ళ' మీద గీత కొట్టింది. అపార్ట్‌మెంట్ పేరు రాసింది. గోడ, పైపు, పెట్టిన నెల రాసింది.

"బాధ్యుల పేరు కూడా కావాలి మేడం," అంది వందన, కాస్త మొహమాటంగా.

పెళ్ళైన ఇరవై రెండేళ్ళలో కౌసల్య ఆయన్ని పేరుపెట్టి పిలిచి ఎరగదు. ఇంటిపేరుతో మొదలుపెట్టి, సాయిశ్రీనివాస్ అని, ఒక్క అక్షరమూ కలిసిపోకుండా విడివిడిగా రాసింది.