తలకట్టు మీంచి దూకిన పిల్ల

దోసె తిరగేయబోయి పంకజాక్షి అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. అంచు ముందు లేస్తుంది, నడుము తర్వాత వంగుతుంది, గాల్లో ఒక్క రెప్పపాటు ఆగుతుంది, అప్పుడు పడుతుంది. లేవడానికి మూడు బొమ్మలు, ఆగడానికి రెండు, పడడానికి మూడు. మరి మనిషైతే? మనిషికి తల బరువు, జడ బరువు, కుచ్చెళ్ల బరువు. జడ ఎప్పుడూ ఒక బొమ్మ వెనకబడి రావాలి. ఈ ఆలోచనలో ఉండగానే దోసె బొగ్గయింది.

"మాడు వాసన ఈదంతా కొడతాంది. ఏ లోకంలో ఉండావే?" వసారాలోంచి అత్త నాగరత్నమ్మ కేక.

"ఈడనే ఉండా అత్తా" అంది పంకజాక్షి. ఒట్టి అబద్ధం. ఆమె అప్పుడు 'క' అక్షరం తలకట్టు పట్టుకుని వేలాడుతోంది.

ఆమె మొగుడు సుందరరాజు తిరుపతిలో బోర్డులు రాసే ఆర్టిస్టు. లాడ్జీల బోర్డులు, క్యాలెండరు లక్ష్ములు, సినిమా హాలు స్లైడ్లు ఆయన పని. ఐదు రోజుల కిందట మద్రాసు నుంచి జయరావు దిగాడు. చిత్తూరు బడిలో సుందరరాజు పక్కన కూర్చుని డ్రాయింగు నేర్చుకున్నవాడు, ఇప్పుడు సినిమాలకు టైటిల్స్ చేసే కంపెనీలో చెయ్యి తిరిగిన ఆర్టిస్టు. ముగ్గురు అక్కచెల్లెళ్లు ఫైట్లు చేసే సినిమా ఒకటి తయారవుతోందట. గోడలు దూకేదీ, తాళ్లకు వేలాడేదీ, పల్టీలు కొట్టి విలన్లను తన్నేదీ అంతా వాళ్లేనట. మొదట్లో పేర్లు పడేటప్పుడు ఆ ముగ్గురూ బొమ్మలై ఎగరాలి. ఒకటిన్నర నిమిషం. సెకనుకు పన్నెండు బొమ్మలు.

"ఎవురు యాడ ఎగరాల, ఏ పేరు ఎట్ల రావాల, ఆ ప్లాను ఏసియ్ రాజూ సాలు. నున్నగా గీసేదంతా మద్రాసులో సూసుకుంటాం. పదో దినం కొండకు మొక్కు తీర్చుకునేదానికి వస్తా, అప్పుడు తీస్కపోతా" అన్నాడు జయరావు. పోతూ పోతూ, "టైటిల్స్ కార్డు మింద నీ పేరు పడతాది, సూసుకో" అని కూడా అన్నాడు.

ఆ మాటకు సుందరరాజు నేల మీద నిలవలేదు. ఆయన గీసిన హీరోయిన్ మాత్రం నేల వదలలేదు. పాపం, పదిహేనేళ్లుగా తామర పువ్వు మీద నిలబడ్డ దేవతలను గీసిన చెయ్యి అది. పిడికిలి బిగించినా ఆ పిల్ల అభయహస్తం ఇస్తున్నట్టే ఉంది. పల్టీ కొట్టించబోతే తలకిందులుగా నిలబెట్టిన లక్ష్మీదేవి తయారైంది, అప్పుడు కూడా పాదాలు రెండూ సమంగా, పారాణితో సహా. రెండు రోజులు కాగితాలు నలిపి నలిపి, అలిపిరి దారిలో లాడ్జీ బోర్డు అర్జంటని చెప్పి ఆయన నిచ్చెన ఎత్తుకుని వెళ్లిపోయాడు. వెళ్తూ, "ఆ బొమ్మలు కొంచెం సరిసెయ్ పంకజా" అన్నాడు.

ఆ ఇంట్లో 'కొంచెం' అనే మాటకు హద్దులేదు. కొంచెం రంగు పుయ్యి అంటే బోర్డంతా పూయాలి. కొంచెం అక్షరాలు దిద్దు అంటే రాయాలి. స్లైడు గాజు మీద వెంట్రుకంత కుంచెతో 'పొగ త్రాగరాదు' అని రాసేది ఐదేళ్లుగా ఆమే. ఒకసారి సినిమాకు పోయినప్పుడు తెర మీద ఆ స్లైడు పడగానే, సుందరరాజు పక్క సీటాయన్ను మోచేత్తో పొడిచి, "ఆ 'గ' ఒంపు సూడప్పా, ఈ ఊర్లో ఇంకెవురికన్నా వస్తాదా?" అన్నాడు. ఆ పక్కనే కూర్చుని వేరుశెనక్కాయలు ఒలుస్తున్న పంకజాక్షికి ఒంపు వచ్చిన చెయ్యి కనిపించకుండా కొంగులో దాచుకోవాలనిపించింది. సిగ్గు ఎవరికి రావాలో ఎవరికి వచ్చిందో చూడండి!

అందుకే ఈసారి సరిచేయలేదు. మొగుడి కాగితాలు పక్కనపెట్టి, మొదటినుంచీ తనే మొదలుపెట్టింది.

అటక మీద పోయినేడాది మిగిలిన రోజువారీ క్యాలెండర్ల కట్టలున్నాయి. కట్టను వెనక్కి తిప్పితే రోజుకొక ఖాళీ కాగితం. డిసెంబరు నుంచి జనవరికి వెనక్కి నడుస్తూ బొమ్మ గీసి, బొటనవేలితో సర్రున వదిలితే ఏడాదంతా అర నిమిషంలో అయిపోతుంది. అర నిమిషానికొక పిల్ల, ముగ్గురు పిల్లలకు మూడు కట్టలు. అత్త మధ్యాహ్నం కునుకు తీసే వేళ, బియ్యం నానే వేళ, పప్పు ఉడికే వేళ గీసింది. అన్నీ గీతల మనుషులే, పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ, తలకొక జడ.

వాళ్లను ఎక్కడ ఎగరనివ్వాలా అని ఆమె పెద్దగా ఆలోచించలేదు. ఐదేళ్లుగా ఆమెకు తెలిసిన చోటు అక్షరాలే. పెద్దపిల్ల పరిగెత్తుకొచ్చి నిర్మాత పేరులోని తలకట్టు అందుకుని ఊగుతుంది. ఊగి, గుడి మీదికెక్కి, కొమ్ము మీంచి జారుతుంది. నడిమిపిల్ల వట్రసుడిలో చుట్టుకుని కూర్చుని, విలన్ వేషగాడి పేరు రాగానే దాని ఒత్తును ఒక్క తన్ను తంతుంది. చిన్నపిల్ల పేరు మీంచి పేరు మీదికి పల్టీలు కొడుతూ, కెమెరామన్ పేరు చివరనుంచి అన్నిటికంటే ఎత్తుకు లేచి, టైటిల్స్ కార్డు మీద దిగుతుంది.

గీస్తున్న రోజుల్లో కాళ్లు నిలవలేదు. బట్టలు ఆరేస్తూ ఆరేస్తూ కుచ్చెళ్లు వెనక్కి దోపి పెరట్లో దూకి చూసింది. చీర ఎక్కడ పట్టేస్తుందో, మోకాలు ఎప్పుడు మడుస్తామో ఒంటికి తెలిస్తేగానీ చేతికి రాదు. మూడోసారి దూకేసరికి అత్త గుమ్మంలో ఉంది.

"గెడెక్కేదాని మాదిరి ఆ గంతులేందే? ఇరుగుపొరుగు సూస్తే మానం పోదా?"

గెడెక్కేదాని మాట అత్త తిట్టుగా అంది గానీ పంకజాక్షికి చల్లగా తగిలింది. చిన్నప్పుడు పుట్టినూరు ఐరాలలో శెనక్కాయలు పెరికిన తర్వాత గెడాట ఆడేవాళ్లు వచ్చేవాళ్లు. వాళ్లలో కుప్పమ్మ అని ఒకామె, ఇద్దరు బిడ్డల తల్లి, తాటి చెట్టంత గెడ మీద పొట్ట ఆనించి బొంగరంలా తిరిగేది. ఆట అయ్యాక పంకజాక్షి వాళ్ల అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగుతూ, నోరు తెరుచుకుని చూస్తున్న ఎనిమిదేళ్ల పిల్లతో చెప్పింది: "ఎగరాలంటే ముందు కుంగాల పాపా. ఎక్కేది అందురూ సూస్తారు. దిగేదే నేర్చాల్సిన ఇద్దె. దిగేది తెలీనోళ్లు ఎక్కగూడదు." దిగేటప్పుడు ముందు వేళ్లు, తర్వాత మడమ, తర్వాత మోకాలు అని ఇసుకలో చేసి చూపించింది కూడా. చిన్నపిల్ల దిగే పన్నెండు బొమ్మలూ పంకజాక్షి ఆ ఇసుకను తలుచుకుంటూ గీసింది.

తొమ్మిదో నాటికి మూడు కట్టలూ పూర్తయ్యాయి. ఆ సాయంత్రం వసారాలో కూర్చుని కట్ట వదిలి చూసుకుంటుంటే అత్త తొంగిచూసింది. ఇంకోసారి వదలమంది. మరోసారి తనే లాక్కుని వదిలింది.

"అమ్మా, ఎగర్తాందే!" ముసలామె బోసినోటితో పకపకా నవ్వింది. "నేనూ చిన్నప్పుడు మామిడితోపులో ఇట్లనే కొమ్మకూ కొమ్మకూ దూకతా ఉంటి." కట్టను తడిమి, నిట్టూర్చి అంది, "నా కొడుకు ఎంత బాగ గీసినాడే!"

ఇంతవరకూ ఎన్నడూ అడగనిది, ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ పంకజాక్షి మొగుణ్ణి అడిగింది.

"ఆ కార్డు మింద ఇద్దరి పేర్లూ ఎయ్యమని సెప్పగూడదా?"

"ఎవురెవురివి?"

"మీదీ, నాదీ."

సుందరరాజుకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. ముద్ద నోట్లో ఉండగానే నవ్వాడు. "పెండ్లానికి టైటిల్లో పేరేస్తారా యాడన్నా? నా పేరు పడితే నీ పేరు పడినట్టే గదే. సగం మనిషివి నువ్వు." అంతటితో ఆగినా ఆమె ఎప్పటిలా ఊరుకునేదేమో. ఆయన చారు పోసుకుంటూ ఇంకో మాటన్నాడు. "అయినా నువ్వు సేసింది కొంచెం సరిసేసేదే గదా."

మరునాడు తెల్లవారి నీళ్లు కాచడానికి పొయ్యి దగ్గర కూర్చుంది. మూడో కట్ట తీసి, జనవరి మొదటి పన్నెండు రోజులూ జాగ్రత్తగా చింపింది. సరిగ్గా ఒక్క సెకను. అగ్గిపుల్ల గీసి వాటిని పుల్లల కింద పెట్టింది. మంట బాగా అంటుకుంది. ఏడుపు వచ్చింది, కానీ వాటిని వెనక్కి తీసుకోలేదు.

పదకొండు గంటలకు జయరావు కొండ దిగి వచ్చాడు, నున్నటి గుండు మీద గంధం ఆరిపోతూ. మొదటి కట్ట వదిలి, "అబ్బా!" అన్నాడు. రెండోది వదిలి లేచి నిలబడ్డాడు. "అక్షరాలు పట్టుకోని ఊగేదేంది రాజూ! మద్రాసులో మావోళ్లకెవురికీ తట్టలేదే!" సుందరరాజు మెడ వంచి వినయంగా నవ్వాడు.

మూడో కట్ట. చిన్నపిల్ల పేరు మీంచి పేరు మీదికి పోయింది, కుంగింది, లేచింది, ఇంకా లేచింది. ఆ తర్వాత జయరావు వేలు తప్ప ఏమీ లేదు.

"ఇది ఎట్ల దిగుతాది?"

"దిగుతాది... అట్లనే" అని సుందరరాజు పెన్సిలు తీసుకున్నాడు. గీశాడు. రెండు పాదాలూ సమంగా, తామర పువ్వు ఒక్కటే తక్కువ.

జయరావు దాన్నీ, కట్టనూ మార్చి మార్చి చూశాడు. "ఇట్ల దిగితే మోకాళ్లు ఇరిగిపోతాయి గదప్పా. ఇవి గీసిన సెయ్యి ఇది గీసిందా?"

సుందరరాజు చెవులు ఎర్రబడ్డాయి. వంటింటి వైపు తిరిగి గొంతు పెంచాడు. "పంకజా! ఆ మిగిలిన కాయితాలు యాడ పెట్టినావే? అట్లనే కాఫీ తే!"

పంకజాక్షి వచ్చింది. చేతిలో కాఫీ లేదు. అత్త గోడకానుకుని చూస్తోంది.

"కాయితాలు లేవు. పొయ్యిలో ఏసినా" అంది. "ఎట్ల దిగాల్నో నా కాళ్లకు తెలుసు, పన్నెండు బొమ్మలు, ఒక్క పూటలో గీసిస్తా. కానీ జయరావన్నా, పాప దిగాలంటే కింద ఒక పేరు ఉండాల. నా పేరు పంకజాక్షి. రాస్తే దిగుతాది, లేదంటే పైననే ఉండనీండి."