క్వార్టర్ నంబరు రాసిన క్యాసెట్లు

పరాయి రాష్ట్రంలోని మా రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో నూకరాజు వర్క్‌షాపు ఫిట్టరు. శ్రీకాకుళం నుంచి ఎవరు తెలుగు సినిమా క్యాసెట్టు తెచ్చినా, రెండు వీసీఆర్‌లు కలిపి అడిగినవాళ్లందరికీ కాపీ తీసి ఇచ్చేవాడు. పైసా పుచ్చుకోలేదు. రైల్వేవాళ్లం బిందె మీద కూడా క్వార్టర్ నంబరు రాసుకుంటాం కదా, అలాగే ప్రతి కాపీ మీదా అడిగినవాళ్ల నంబరు రాసేవాడు. లైను పేరు రాయడు గనక, ఆ నంబరు ఏ లైనులో ఏ ఇంటిదో అతనికే తెలుసు.

ఒకరోజు వైరు బాగుచేస్తానని కేబుల్ టీవీ ఆపరేటరు మనిషి వచ్చి ఆ రెండు వీసీఆర్‌లూ చూసిపోయాడు. నెలనెలా చందా కట్టి మరీ మన ఇళ్లలోకి నిఘాని మనమే తెచ్చుకున్నాం! మర్నాడు పొద్దున్నే పోలీసులు దిగారు. కాపీ తీయడం నేరమట. ఇంకా పంచని పద్నాలుగు కాపీలు వాళ్లకి దొరికాయి.

"ఈ నంబర్లు ఎవరివి?" అన్నాడు ఎస్సై హిందీలో.

"అన్నీ నావే సార్."

"పద్నాలుగు క్వార్టర్లూ నీవేనా? నువ్వేమైనా జనరల్ మేనేజర్‌వా?"

భార్య పోలమ్మ నూకరాజు చెయ్యి పట్టుకుంది. "పేర్లు సెప్పీ మావా! రెండ్రోజులు లోపలుంటే సస్పెండ్ సేసేత్తారు. పిల్లలకేటెట్టాల?"

"సెప్తే పద్నాలుగిళ్లోళ్లకీ అదే గతి పడతాదే."

అతన్ని జీపు ఎక్కించారు. పోలమ్మ పరుగున పోయి పక్కింటి తవిటయ్య తలుపు కొట్టింది. జామీను అడిగింది.

"నాకేటీ తెల్దమ్మా, ఎల్లిపో," అన్నాడు తవిటయ్య లోపలి నుంచే. క్యాసెట్టు కాలుతున్న కంపు బయటికి కొట్టింది.

మూడోనాడు సస్పెన్షన్ కాగితం వచ్చింది. పద్నాలుగు ఇళ్లలో ఒక్కరూ స్టేషనుకు పోలేదు. వాటిలో మాదీ ఒకటి.