గ్లాసులో పళ్ళు

నాలుగు పళ్ళ సెట్టును వేళ్ళ మధ్య పట్టుకుని రఘువీర్ పాత బ్రష్‌తో రుద్దుతున్నాడు. పైవరుసలో ముందరి పళ్ళు అవి. ఎడమచేతి చిటికెన వేలు ఎప్పుడో విరిగి అతుక్కుంది, వంగదు. మిగతా వేళ్ళు పని చేస్తుంటే అదొక్కటే పక్కకు నిలబడి చూస్తుంటుంది. రుద్దడం అయ్యాక సెట్టును కడిగి, వంటింటి కిటికీ గట్టు మీది స్టీలు గ్లాసులో వేసి, మునిగేదాకా నీళ్ళు పోశాడు. నోట్లో పెట్టుకోలేదు.

పొయ్యి దగ్గర ఉప్మా కలుపుతున్న రత్నం అది చూసింది.

ఆమె అతని అత్తగారు. ఖమ్మం నుంచి అక్టోబరులో అమెరికాలోని నేపర్‌విల్ వచ్చింది. అల్లుడికి ఎదురుగా నిలబడి మాట్లాడడం ఆమెకింకా అలవాటు కాలేదు. చెప్పాల్సిందేదైనా ఉంటే గిన్నెల వైపు తిరిగి చెబుతుంది. ఎక్కడికి వెళ్తున్నారని మాత్రం అసలు అడగదు. బయలుదేరే మనిషిని ఆ మాట అడగకూడదు. అందుకని వచ్చిన వారానికే గ్లాసును చూడడం నేర్చుకుంది. పళ్ళు గ్లాసులో ఉంటే ఆ రోజు అల్లుడికి ఆట ఉన్నట్టు. నోట్లో ఉంటే లేనట్టు.

ఏడు వారాల తర్వాత ఇవాళే పళ్ళు గ్లాసులో ఉండిపోయాయి.

రఘువీర్ ఐస్ హాకీలో డిఫెన్స్ ఆడతాడు. గోల్ కొట్టడం అతని పని కాదు. కొట్టడానికి వచ్చేవాడిని గోడకు నెట్టడం, వాడు కొట్టిన రబ్బరు పక్‌కు తన ఒళ్ళు అడ్డం పెట్టడం అతని పని. ఆరేళ్ళ వయసులో ఈ ఊరి రింక్‌లోనే, మంచు పరిచిన ఆ ఆటస్థలంలో నేర్చుకున్నాడు. అతని ఈడు తెలుగు పిల్లలు లెక్కల పోటీలకు వెళ్ళే శనివారాల్లో అతను మంచు మీద పడుతూ లేస్తూ ఉండేవాడు. పెద్ద లీగ్ అతన్ని ఎన్నడూ పిలవలేదు. పన్నెండేళ్ళు చిన్న లీగుల్లోనే, తొమ్మిది ఊళ్ళలో ఆడాడు. బస్సుల్లో నిద్రపోయాడు. అన్నేళ్ళలో తాను కొట్టిన గోల్స్ పంతొమ్మిది. ఆపినవి ఎన్నో ఎవరూ రాసిపెట్టలేదు. తెలుగువాళ్ళ ఫంక్షన్లలో ఎవరో ఒక అంకుల్ ఏటా అడుగుతాడు, అయితే నిన్ను టీవీలో ఎప్పుడు చూడొచ్చని. చూడలేరు అంకుల్ అని అతను ఏటా చెబుతాడు.

డిసెంబరు మొదట్లో హెల్మెట్ అద్దం కిందనుంచి పక్ ఎడమ కంటికి తగిలింది. వాపు తగ్గింది, చూపూ వచ్చింది. కానీ లోపలి పొర పలచబడిందని, ఇంకొక దెబ్బ తగిలితే ఆ కంటికి తాను హామీ ఇవ్వలేనని డాక్టర్ చెప్పింది.

నిన్న రెండు ఫోన్లు వచ్చాయి. మొదటిది కోచ్ నుంచి. ఇద్దరు డిఫెన్స్ వాళ్ళు దెబ్బలతో పడుకున్నారు, రేపు ఆటకు రాగలవా, పొద్దున పదకొండులోపు చెప్పు అన్నాడు. రెండోది ఊళ్ళోని పాత రింక్ మేనేజర్ నుంచి. మంచు చదును చేసే బండి నడపడానికి, చిన్నపిల్లలకు నేర్పడానికి మనిషి కావాలి, రేపు మధ్యాహ్నం నుంచే రమ్మన్నాడు.

భార్య స్రవంతి ఇవాళ పొద్దున్నే సిటీ ట్రైన్ కోసం బూట్లు వేసుకుంటూ, తల ఎత్తకుండా అంది. "నేను వద్దని చెప్పను రఘూ. రేపు ఎప్పుడైనా నువ్వు ఆ మాట తీసి చూపిస్తే తట్టుకోలేను. నీ కన్ను, నువ్వే డిసైడ్ చెయ్యి." తలుపు మెల్లగా వేసి వెళ్ళింది.

అతను వెళ్దామనే అనుకున్నాడు. అనుకున్నాడనడం కూడా ఎక్కువే. పిలిస్తే వెళ్ళడం తప్ప ఈ పన్నెండేళ్ళలో మరొకటి చేసి ఎరగడు. ఉప్మా తిని, ప్లేటు కడిగి, గరాజ్‌లోంచి బ్యాగు తెచ్చి తెరిచాడు. స్కేట్లున్నాయి, భుజాల ప్యాడ్లున్నాయి. గ్లవ్స్ లేవు.

అవి హాల్లో, నేలలోంచి హీటర్ గాలి వచ్చే జాలీ మీద కనబడ్డాయి. నాలుగేళ్ళుగా అతని చేతి ఆకారం పట్టిన గ్లవ్స్ అవి. ఒకటి తీసుకుని చెయ్యి పెట్టబోయాడు. అరచేతి తోలు ఎండిన మామిడి తాండ్రలా బిగుసుకుపోయి ఉంది. చెయ్యి సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. వేలి చివర ఏదో గుచ్చుకుంటే దాన్ని బయటికి లాగి చూశాడు. లవంగం.

రత్నం వంటింటి గడప దగ్గర నిలబడి ఉంది. ఈసారి గిన్నెల వైపు తిరగలేదు.

"నేనే బాబూ. నిన్న కుంకుడు రసంల నానబెట్టి వేణ్ణీళ్ళు పోసిన. వాసన పోతదనుకున్న. తోలు ఇట్ల బిగుసుకుంటదని తెల్వదు."

"మరి లవంగాలు?"

"పట్టుచీరెల నడుమ పెడతం గద. ఆట ఇగ లేదనుకొని, దాచిపెడ్దమని కడిగిన. పొద్దున గ్లాసు చూసినంక పానం కొట్టుకుంటంది. ఇవి లేకుంటే ఆడనియ్యరా?"

చెయ్యి లోపలికి దూరనప్పుడు అతనికి కోపం రాలేదు. హమ్మయ్య, ఇక వెళ్ళక్కర్లేదు అనిపించింది. ఆట దగ్గర టీమ్ గదిలో అల్మరా నిండా వేరే గ్లవ్స్ ఉంటాయన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. గుర్తు రాగానే ఛాతీ మీద ఏదో బరువు తిరిగి వచ్చి కూర్చుంది. అది ఇంతసేపూ అక్కడే ఉందని, రెండు క్షణాలు లేచి వెళ్ళినందువల్లే తెలిసింది.

"ఇస్తారు అత్తయ్యగారూ. టీమ్ వాళ్ళే కొత్తవి ఇస్తారు." పళ్ళు లేని నోట్లోంచి 'స' సరిగ్గా రాలేదు.

"అయితే..." అని రత్నం ఆగి, నాలుక కరుచుకుంది. మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

పదకొండుకు ఇంకా పది నిమిషాలుంది. అతను వెనక వరండాలోకి వెళ్ళి కోచ్‌కు ఫోన్ చేశాడు. రాలేనని, ఇక ముందూ రానని చెప్పాడు. కోచ్ బతిమాలలేదు. మంచి మనిషివి రాగూ, ఆరోగ్యం చూసుకో అని, జాబితాలో తర్వాతి పేరు చూడడానికి ఫోన్ పెట్టేశాడు. రఘు అన్న పేరును కోచ్ మొదటి రోజు నుంచీ అలాగే పలికాడు. మాట్లాడింది నిమిషం కూడా లేదు. పెరడంతా మంచు. ఎడమ కన్ను మూసి చూశాడు, కుడిది మూసి చూశాడు. రెండు కళ్ళకూ కంచె మీది ఉడుత కనిపించింది. గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. చల్లగాలికి పళ్ళు లేని చిగుళ్ళు జివ్వుమన్నాయి, అయినా మరోసారి పీల్చాడు.

లోపలికి వచ్చి రింక్ మేనేజర్‌కు వస్తున్నానని, స్రవంతికి ఆట మానేశానని ఒక్కో ముక్క మెసేజ్ పెట్టాడు. బ్యాగులోంచి స్కేట్లు మాత్రం తీసుకుని మిగతాది మూసి గోడవారగా జరిపాడు. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి, గ్లాసులోంచి సెట్టు తీసి, విదిలించి, నోట్లో పెట్టుకుని బొటనవేలితో పైకి నొక్కాడు. టక్కుమంది.

రత్నం చేతిలో గరిటె ఆగింది. ఆమె తిరిగి చూడలేదు.

ఆటకు వెళ్ళే రోజుల్లో అతను గుమ్మంలో నిలబడి వెళ్ళొస్తానని చెప్పేవాడు. ఆమె మంచినీళ్ళ చెంబుతో ఎదురొచ్చేది. ఇవాళ రింక్ ఎనిమిది నిమిషాల దూరం, రాత్రి అన్నం వేళకు ఇల్లు చేరతాడు. కారు తాళాలు తీసుకుని, ఏమీ చెప్పకుండా, రోజూ పనికి పోయే మనిషిలా తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

కారు చప్పుడు వీధి మలుపు దాటాక రత్నం గ్లాసులోని నీళ్ళు సింకులో పారబోసింది. హాల్లో జాలీ మీద, బిగుసుకుపోయిన గ్లవ్స్ రెండూ వెల్లకిలా పడి ఉన్నాయి, తొమ్మిది వేళ్ళలో తొమ్మిది లవంగాలతో.